బాణాలన్నీ వేశా, ప్రొడక్ట్ మాత్రం తప్పొచ్చింది: ఆర్గానిక్ కెమిస్ట్రీలో ముందు ఏం చూసుకోవాలి

బీఎస్సీ జూనియర్ల నోట్సులు చాలా ఏళ్లుగా దిద్దుతున్నాను, కంప్లైంట్ మాత్రం మారదు. "అన్నా, రియాక్షన్ పేరు కరెక్ట్‌గానే పట్టుకున్నా, బాణాలు కూడా వేశా, చివర్లో ప్రొడక్ట్ ఎందుకు తప్పొస్తోందో తెలీట్లేదు" అంటారు. బాణాలంటే ఎలక్ట్రాన్లు ఎక్కణ్నుంచి ఎటు కదులుతాయో చూపించే గీతలు. ఎస్ఎన్2 అంటే ఏంటో, కార్బోకాటయాన్ స్టెబిలిటీ ఏంటో మీకు తెలుసనే అనుకుని రాస్తున్నా, అవి మళ్లీ చెప్పను.

ముందుగా అందరూ ఎగ్గొట్టే చెక్

లోన్ పెయిర్లు (బాండ్‌లో లేని ఎలక్ట్రాన్ జంటలు) పెట్టారా? ప్రతి ఆక్సిజన్ మీద, ప్రతి నైట్రోజన్ మీద చుక్కలు పెట్టారా? బాణం ఎలక్ట్రాన్లు ఉన్నచోట మొదలవ్వాలి, చాలామంది హెచ్ ప్లస్ దగ్గర మొదలుపెట్టి ఆక్సిజన్ వైపు గీస్తారు, అది తిరగేసిన బాణం. ఇంకోటి, స్టెప్‌కి ముందు మొత్తం చార్జ్ ఎంతుందో తర్వాత కూడా అంతే ఉండాలి, ప్లస్ ఒకటితో మొదలై జీరోతో తేలితే మధ్యలో ఎక్కడో ఏదో పోగొట్టుకున్నట్టే. దీనికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం పెట్టకుండా గంటసేపు టెక్స్ట్ బుక్ తిరగేస్తుంటే చూడటానికే బాధేస్తుంది, దయచేసి ముందు ఇది చూసుకుని తర్వాత కింద చదవండి.

అన్నీ సరిగ్గానే ఉన్నా తప్పొస్తోందంటే

అప్పుడు చూడాల్సింది ప్రోటాన్. మీరు కాగితం మీద గీసిన మాలిక్యూల్, ఆ పీహెచ్‌లో నిజంగా ఆ రూపంలోనే ఉందా? ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, ఇది సరిగ్గా అలాంటిదే, ఎందుకంటే క్వశ్చన్ పేపర్లో స్ట్రక్చర్ న్యూట్రల్‌గా ఇస్తారు, మనం దాన్నే దింపుకుని మొదలుపెడతాం, తప్పు మొదటి గీతలోనే పడిపోతుంది, ఆ తర్వాత ఎన్ని బాణాలు కరెక్ట్‌గా వేసినా లాభం లేదు.

అందరికీ తెలిసిన ఎగ్జాంపుల్ అనిలీన్ నైట్రేషన్. అమీన్ గ్రూప్ ఆర్థో పారా డైరెక్టింగ్ అని ఇంటర్‌లోనే బట్టీ పట్టాం, కానీ నేరుగా నైట్రేషన్ చేస్తే పారా 51 శాతం, మెటా 47 శాతం, ఆర్థో 2 శాతం వస్తుందని అదే ఇంటర్ సిలబస్‌లో ఉంటుంది. అంత మెటా ఎక్కణ్నుంచి వచ్చింది? నైట్రిక్, సల్ఫ్యూరిక్ యాసిడ్ల మిక్స్చర్‌లో అనిలీన్ చాలావరకు అనిలీనియం అయిపోతుంది, లోన్ పెయిర్ ప్రోటాన్ పట్టుకుని కూర్చుంటే ఇక రింగ్‌కి ఇచ్చేదేముంది, ఆ ప్లస్ చార్జ్ మెటాకి తోస్తుంది. అందుకే ప్రాక్టికల్స్‌లో ముందు అసిటనిలైడ్ చేయించి (అందులో నైట్రోజన్ అంత తేలిగ్గా ప్రోటాన్ పట్టుకోదు), దాన్ని పారా నైట్రో అసిటనిలైడ్ చేయిస్తారు. చాలామంది అవి రెండు వేర్వేరు ఎక్స్‌పెరిమెంట్లనుకుని రికార్డ్ రాసేస్తారు, రెండో దానికోసమే మొదటిది అని ఎవరూ చెప్పరు.

ఇది నాకు ల్యాబ్‌లో గట్టిగా తగిలింది. ప్రాజెక్ట్‌లో ఒక అమీన్ చేశాను, రియాక్షన్ అయ్యాక వర్కప్‌లో (ప్రొడక్ట్‌ని విడదీసేటప్పుడు) హెచ్‌సీఎల్ వేశాను, ఇథైల్ అసిటేట్‌తో మూడుసార్లు ఎక్స్‌ట్రాక్ట్ చేసి, పై లేయర్ జాగ్రత్తగా పట్టుకుని, కింద నీళ్ల లేయర్ వేస్ట్‌లో పోసేశాను. సాల్వెంట్ అంతా తీసేశాక చూస్తే ఫ్లాస్క్‌లో ఏమీ లేదు, అడుగున గోకినా మరక కూడా రాలేదు. మూడు రోజుల పని. రియాక్షనే ఫెయిల్ అయిందనుకుని మళ్లీ మొత్తం చేశాను, మళ్లీ అదే ఖాళీ ఫ్లాస్క్. ఈసారి మాత్రం నీళ్ల లేయర్ పారబోయలేదు. ల్యాబ్‌లో సీనియర్ అక్క ఒకామె వచ్చి, ఆ లేయర్‌లో ఎన్ఏఓహెచ్ ద్రావణం చుక్కలు చుక్కలుగా వేసి కలపమంది, ఎర్ర లిట్మస్ నీలంగా తిరిగాక కూడా ఇంకొంత వేసేసరికి, అంతవరకు క్లియర్‌గా ఉన్న నీళ్లు పాలల్లే తెల్లబడి, కాసేపటికి నూనె బొట్లు పైకి తేలాయి. నా అమీన్ మొత్తం అమ్మోనియం ఉప్పయి నీళ్లలో దాక్కుందన్నమాట. మామూలు ఆల్కైల్ అమీన్ల కాంజుగేట్ యాసిడ్ (ప్రోటాన్ పట్టుకున్న రూపం) పీకేఏ (సగం ప్రోటాన్ పోయే పీహెచ్) దాదాపు 10.6, పీహెచ్ 2లో అది ఉప్పుగా కాక ఇంకెలా ఉంటుంది, ఈ లెక్క థియరీలో నాకు నోటికొచ్చు, ఫనెల్ చేతిలో ఉన్నప్పుడే గుర్తురాలేదు. అప్పట్నుంచి ప్రొడక్ట్ చేతికొచ్చేదాకా ఏ లేయర్ పారబోయొద్దని అందరికీ చెప్తున్నా.

ఫిక్స్ ఏంటంటే, మొదటి బాణం వేయకముందే పేజీ మార్జిన్‌లో పీహెచ్ రాయండి, కనీసం యాసిడా బేసా అన్నా రాయండి. తర్వాత ప్రతి గ్రూప్ పీకేఏతో పోల్చండి. పీహెచ్, పీకేఏ కన్నా ఎక్కువుంటే ప్రోటాన్ పోతుంది, తక్కువుంటే ఉంటుంది, ఒక యూనిట్ తేడా ఉంటే పదికి ఒకటి, రెండు యూనిట్లయితే వందకి ఒకటి. గుర్తుంచుకోవాల్సిన నంబర్లు కూడా ఎక్కువ లేవు: కార్బాక్సిలిక్ యాసిడ్ 4 నుంచి 5, అనిలీనియం 4.6, కార్బోనిక్ యాసిడ్ 6.4, ఆల్కైల్ అమ్మోనియం 10.6, ఫినాల్ 10, ఆల్కహాల్ 16, టెర్మినల్ ఆల్కైన్ 25. బైకార్బొనేట్ టెస్ట్‌లో బెంజోయిక్ యాసిడ్ ఎందుకు బుసబుసా పొంగుతుందో, ఫినాల్ ఎందుకు కదలకుండా ఉంటుందో ఈ నంబర్లలోనే ఉంది, విడిగా బట్టీ అక్కర్లేదు.

దీనితో పాటే వచ్చే తప్పు, యాసిడ్‌లో ఈస్టర్ హైడ్రాలిసిస్ రాస్తూ ఓహెచ్ మైనస్‌తో ఎటాక్ చేయించడం. యాసిడ్ మీడియంలో ఓహెచ్ మైనస్ ఎక్కడుంటుంది? అక్కడ ఎటాక్ చేసేది నీళ్లే, కార్బొనిల్ ముందు ప్రోటాన్ పట్టుకున్నాక. అమీన్‌ని కార్బొనిల్‌తో కలిపి ఇమైన్ చేసేటప్పుడు యాసిడ్ కావాలి కదా అని బాగా వేసేస్తే అమీన్‌కి లోన్ పెయిర్ మిగలదు, అసలు వేయకపోతే చివర్లో నీళ్లు పోవు, అందుకే ఆ రియాక్షన్ పీహెచ్ 4, 5 దగ్గర బాగా నడుస్తుంది.

బయోకెమిస్ట్రీలో లక్షణం వేరే, జబ్బు ఇదే

పెప్టైడ్ చార్జ్ తప్పొస్తోంది, ఎలక్ట్రోఫోరెసిస్‌లో (కరెంట్ పెట్టి చార్జ్‌ని బట్టి విడదీసే పద్ధతి) ఎటు పోతుందో తేలట్లేదు, ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (పీఐ, మొత్తం చార్జ్ జీరో అయ్యే పీహెచ్) కుదరట్లేదు అంటారు. గ్లైసీన్‌ని ఒక చివర ఎన్‌హెచ్2, ఇంకో చివర సీఓఓహెచ్ అని గీస్తున్నారేమో చూసుకోండి. నీళ్లలో ఏ పీహెచ్‌లోనూ అది ప్రధానంగా ఉండే రూపం కాదు. దాని పీకేఏలు 2.34, 9.60, మధ్యలో అంతా ఒక పక్క ప్లస్ ఒక పక్క మైనస్, రెండిటి సగటు 5.97 దాని పీఐ. అసిటిక్ యాసిడ్ 17 డిగ్రీల లోపే గడ్డకట్టేస్తే, దాదాపు అంతే సైజున్న గ్లైసీన్ 230 డిగ్రీలు దాటాక మామూలుగా కరగడం కాదు, విచ్ఛిన్నమైపోతుంది, అది ఉప్పు లక్షణం. లైసీన్‌కి వచ్చేసరికి మూడు పీకేఏల సగటు తీసేస్తారు, అలా కాదు, చార్జ్ జీరో ఉన్న రూపానికి అటూ ఇటూ ఉన్న రెండే తీసుకోవాలి, 9.74 వస్తుంది.

ఎంజైమ్ మెకానిజంలో కూడా అంతే. ప్రోటీన్లని కోసే ఎంజైమ్ కైమోట్రిప్సిన్‌లో సెరీన్ 195ని (195వ స్థానంలో ఉన్న అమినో యాసిడ్) మొదట్నుంచే ఆక్సిజన్ మైనస్‌గా గీసేస్తారు. మామూలు ఆల్కహాల్ ప్రోటాన్ పీహెచ్ 7.4లో దానంతటది పోదు, పక్కనున్న హిస్టిడిన్ 57 ఎటాక్ జరిగేటప్పుడే దాన్ని లాక్కుంటుంది, ఆస్పార్టేట్ 102 వెనక సపోర్ట్. హిస్టిడిన్ సైడ్ చెయిన్ పీకేఏ 6 దగ్గర ఉండటం వల్లే అది ప్రోటాన్ తీసుకోనూగలదు, ఇవ్వనూగలదు. ఇక్కడ ఒక్క జాగ్రత్త, ప్రోటీన్ లోపల చుట్టుపక్కల వాతావరణాన్ని బట్టి పీకేఏ అటూ ఇటూ మారుతుంది, టేబుల్ నంబర్ అంచనాకి మాత్రమే.

నైట్రోజన్ కనబడగానే బేస్ అనుకోకండి. అమైడ్ నైట్రోజన్ లోన్ పెయిర్ కార్బొనిల్ వైపు పోయి ఉంటుంది, యాసిడ్ వేస్తే ప్రోటాన్ పట్టుకునేది ఆక్సిజన్. పెప్టైడ్ చార్జ్ లెక్కలో పెప్టైడ్ బాండ్ నైట్రోజన్లు లెక్కలోకి రావు.

మిగతావి

హైడ్రైడ్ షిఫ్ట్ మర్చిపోవడం ఒకటి, కార్బోకాటయాన్ కనబడినప్పుడల్లా పక్క కార్బన్ చూడండి, సరిపోతుంది. హెచ్‌బీఆర్‌తో పాటు పెరాక్సైడ్ అని రాసుంటే రూటు మారుతుంది, క్వశ్చన్ మళ్లీ చదవండి. గ్రిన్యార్డ్‌కి ఓహెచ్ ఉన్న మాలిక్యూల్ ఇస్తే కార్బన్ బాండ్ కన్నా ముందు ప్రోటాన్ పోతుంది, అదీ పైన చెప్పిందే. టెంపరేచర్‌ని బట్టి 1,2 ప్రొడక్టా 1,4 ప్రొడక్టా అనేది డయీన్ల చాప్టర్‌లో తప్ప బీఎస్సీలో పెద్దగా తగలదు, దానికోసం రాత్రంతా కూర్చోకండి, ఆ టైంలో పాత పేపర్లో నాలుగు ప్రశ్నలు తీసుకుని ఒక్కోదానికి మార్జిన్‌లో పీహెచ్ రాసి మళ్లీ చేయండి.