కాజీపేటలో గూడ్స్ బండ్లు చూడాలంటే: టికెట్, అనుమతి, దరఖాస్తు

సికింద్రాబాద్, విజయవాడ, బల్లార్షా వైపుల నుంచి వచ్చే లైన్లు కలిసేది కాజీపేటలో. సింగరేణి బొగ్గు రేకులు (రేకు అంటే వరుసగా తగిలించిన వ్యాగన్ల బండి), సిమెంటు వ్యాగన్లు, ఆయిల్ ట్యాంకర్లు అన్నీ ఇటుగా పోతుంటాయి. వాటిని నిలబడి చూడటానికి పెద్ద అనుమతులేమీ అక్కర్లేదు, ప్లాట్‌ఫాం టికెట్ చాలు. ధర 10 రూపాయలు, 2 గంటలు చెల్లుతుంది.

కౌంటర్‌లో గానీ, టికెట్ మెషిన్‌లో గానీ, రైల్వే వారి రైల్‌వన్ యాప్‌లో గానీ తీసుకోవచ్చు. లోపలికి అడుగుపెట్టకముందే తీసుకోండి. టీటీఈ ఎదురొచ్చాక యాప్ తెరిస్తే ఉపయోగం లేదు. ఆ టికెట్‌తో రైలెక్కకూడదు, ఒక్క స్టేషన్ దూరమైనా సరే.

అసలు చిక్కు ఆ 2 గంటలతోనే. ఎక్స్‌ప్రెస్‌లకు ఉన్నట్టు గూడ్స్‌కు మనం చూసుకునే టైంటేబుల్ ఉండదు. ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి గూడ్స్‌ను లూప్ లైన్లో (మెయిన్ లైన్ పక్కన ఉండే పట్టాల మీద) ఆపేస్తారు, అది ఎంతసేపు నిలుస్తుందో చెప్పలేం. అందుకే వెళ్లగానే టికెట్ కొనేయకుండా, బయట టీ తాగుతూ లైన్ల వైపు ఓ కన్నేసి, కదలిక కనిపించాక తీసుకోవడం మేలు. బొగ్గు రేకు ఒక్కటి వచ్చినా సుమారు 58 వ్యాగన్లు లెక్కపెట్టుకోవచ్చు. నాకైతే ఎప్పుడూ మధ్యలోనే లెక్క తప్పుతుంది. సమయం దాటితే ఇంకో టికెట్ కొనాల్సిందే.

వీడియో తీసి వ్యాపారానికి వాడుకోవాలన్నా, షూటింగ్ చేయాలన్నా ఈ టికెట్ సరిపోదు. సికింద్రాబాద్ రైల్ నిలయంలోని దక్షిణ మధ్య రైల్వే ముఖ్య ప్రజాసంబంధాల అధికారి పేరిట ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. మీరెవరు, ఎందుకు తీస్తున్నారు, ఏ స్టేషన్, ఏ తేదీ, ఏ సమయం, ఎంతమంది వస్తారు, ఏ పరికరాలు తెస్తారు అన్నవి స్పష్టంగా రాసి, గుర్తింపు కార్డు నకలు జతచేయండి. "రైళ్లంటే ఇష్టం" అని పేజీ నిండా రాస్తే చదివేవాళ్లకు పనికొచ్చేది ఏముంటుంది? సొంత సరదాకే తీసుకుంటున్నా, ట్రైపాడ్ లాంటివి ఉంటే ముందు స్టేషన్ మేనేజర్‌ను కలిసి అడగండి.

చేతిలో అనుమతి పత్రం ఉన్నా పట్టాల మీదికి, యార్డులోకి దిగకండి. రైల్వే చట్టం 1989లోని 147వ సెక్షన్ ప్రకారం అక్రమ ప్రవేశానికి 6 నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బండి చివరి బ్రేక్ వ్యాన్‌లోంచి ట్రైన్ మేనేజర్ (గార్డు) చెయ్యి ఊపితే ప్లాట్‌ఫాం మీంచే ఊపండి.