పెద్ద హోటల్‌లో దిగేటప్పుడు డెబిట్ కార్డు ఇవ్వకండి

హైదరాబాద్‌లో బంజారాహిల్స్, మాదాపూర్ వంటి చోట్ల ఉన్న పెద్ద హోటళ్లలో గది అద్దె ముందే చెల్లించినా, దిగేటప్పుడు రిసెప్షన్‌లో సాధారణంగా మరోసారి కార్డు అడుగుతారు. భోజనం, లాండ్రీ, మినీబార్ (గదిలోని ఫ్రిజ్‌లో అమ్మకానికి ఉంచే పానీయాలు, చిరుతిళ్లు) వంటి అదనపు ఖర్చులకు హామీగా కొంత సొమ్మును కార్డుపై నిలిపి ఉంచడం అక్కడి ఆనవాయితీ. క్రెడిట్ కార్డు ఇస్తే ఆ మేరకు దాని పరిమితి మాత్రమే తాత్కాలికంగా తగ్గుతుంది. డెబిట్ కార్డు ఇస్తే ఖాతాలోని సొంత డబ్బే ఆగిపోయి, గది ఖాళీ చేశాక కూడా మళ్లీ చేతికి రావడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. పెళ్లికో, ఆసుపత్రి పనికో ఊరి నుంచి వచ్చిన కుటుంబానికి ఆ కొన్ని రోజులే ఎంతో ఇబ్బంది. అందుచేత ఎంత నిలుపుతున్నారో, ఎప్పుడు విడుదల చేస్తారో ముందే అడిగి, ఖాళీ చేసేటప్పుడు ఆ మొత్తాన్ని విడుదల చేసినట్లు రాతపూర్వకంగా తీసుకోండి.

బిల్లును బయలుదేరే హడావుడిలో కాకుండా ముందు రోజు రాత్రే తెప్పించుకొని తీరిగ్గా చూడటం మేలు. బల్లపై ఉచితంగా పెట్టే నీళ్ల సీసాలు వేరు, ఫ్రిజ్‌లో ధరల పట్టికతో ఉండేవి వేరు. పిల్లలకు ఈ సంగతి గదిలో అడుగుపెట్టగానే చెప్పాలి. రాత్రికి అద్దె 7,500 రూపాయలు దాటితే 18 శాతం జీఎస్‌టీ పడుతుంది, అది తప్పదు. భోజనం బిల్లులోని సర్వీస్ చార్జీ మాత్రం అలాంటిది కాదు; దాన్ని హోటళ్లు తమంతట తామే కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే మార్గదర్శకాలు ఇచ్చింది కాబట్టి, తీసివేయమని నిస్సంకోచంగా అడగండి.