స్టూడియో లైట్లు కొనడం ఎలా? డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి

కొత్తగా షట్టరు అద్దెకి తీసుకుని స్టూడియో పెట్టేవాళ్లు ముందు కెమెరా కొంటారు, తరవాత బయట బోర్డు, లోపల ఏసీ. ఆఖర్న మిగిలిన చిల్లరతో లైట్లు. ఈ వరసే తప్పు. మంచి లైటు ఉంటే పదేళ్ల నాటి కెమెరా కూడా పాస్‌పోర్టు ఫోటో నుంచి ఓణీల ఫంక్షన్ ఆల్బమ్ దాకా నెట్టుకొస్తుంది. చెడ్డ లైటు కింద కొత్త ఫుల్‌ఫ్రేమ్ కెమెరా ఇచ్చేది చెడ్డ ఫోటోనే, కాకపోతే ఎక్కువ మెగాపిక్సెల్స్‌లో. గుంటూరు బ్రాడీపేట అయినా బెజవాడ గవర్నర్‌పేట అయినా ఇదే కథ.

1. ముందు గది కొలవండి

టేపు పెట్టి వెడల్పు, పొడుగు, సీలింగ్ ఎత్తు రాసుకోండి. మన షట్టరు గదులు చాలావరకు పదడుగుల వెడల్పులోనే ఉంటాయి. అంత గదికి 600 వాట్-సెకండ్ల (ఫ్లాష్ బలానికి ఇదే కొలత) ఫ్లాష్ కొనడం దండగ. దాన్ని ఎప్పుడూ అట్టడుగు పవర్‌లోనే వాడాల్సి వస్తుంది. 200 నుంచి 300 చాలు. లైటు దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. చిన్న గదిలో లైటు ఎలాగూ మనిషికి దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ లెక్క మీకే లాభం.

గోడలకి లావెండరు, నారింజ రంగులు వేసి ఉంటే లైట్ల కంటే ముందు పెయింటరుని పిలవండి. గోడ రంగు చెంప మీదికి వస్తుంది, ఎంత ఖరీదైన లైటూ దాన్ని ఆపలేదు. మెరుపు లేని తెలుపు వేయించండి, సీలింగ్‌తో సహా.

2. ఫ్లాషా, ఎల్ఈడీనా?

ఫోటోలకి ఫ్లాష్. వీడియో కూడా చేస్తే ఒక ఎల్ఈడీ అదనంగా. అంతే.

దీని మీద రోజూ వాదనే. ఎల్ఈడీ అయితే వెలుగు ఎలా పడుతుందో కళ్లతో చూడొచ్చు కదా అంటారు. ఫ్లాష్‌లో ఎప్పుడూ వెలుగుతూ ఉండే మోడలింగ్ ల్యాంప్ పని కూడా అదే. అరవై వాట్ల ఎల్ఈడీకి సాఫ్ట్‌బాక్స్ (ముందు తెల్ల గుడ్డ ఉన్న డబ్బా) తగిలించి అన్నప్రాశన పిల్లాణ్ణి తియ్యండి చూద్దాం. షట్టర్ వేగం పెంచాలంటే ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టే శక్తి) 800 దాకా ఎక్కించాలి, అప్పటికీ పిల్లాడి చెయ్యి కదిలిపోయి ఉంటుంది. 300 వాట్-సెకండ్ల ఫ్లాష్‌తో ఐఎస్ఓ 100, అపెర్చర్ (లెన్సు లోపలి కంత) ఎఫ్/8 దగ్గర హాయిగా వస్తుంది, మెరుపు క్షణం కాబట్టి కదలికా ఆగుతుంది. పెళ్లి వీడియోల నాటి, వేడి కక్కే పోర్టా హాలోజన్ లైట్లు ఎవరైనా చవగ్గా ఇస్తామంటే దండం పెట్టి వచ్చేయండి. బెజవాడ మే నెలలో వాటి ముందు మేకప్ వేసుకున్న మనిషిని కూర్చోబెట్టడం పాపం.

3. ఎన్ని కొనాలి?

రెండు. ఒకే కంపెనీ, ఒకే మోడల్. మూడు లైట్లు, మూడు స్టాండ్లు, చిన్న చిన్న సాఫ్ట్‌బాక్సులు కలిపి బ్యాగులో పెట్టి అమ్మే కిట్టు జోలికి పోకండి. అందులో స్టాండ్లు గొడుగు కాడల్లా ఉంటాయి, సాఫ్ట్‌బాక్స్ మొహమంత ఉంటుంది. మూడో లైటు పని థర్మోకోల్ షీటు చేస్తుంది. మొహానికి రెండడుగుల దూరంలో నిలబెడితే నీడ నిండుతుంది. దాని వెనక నల్ల గుడ్డ అంటించి తిప్పి పెడితే అదే షీటు నీడని పెంచుతుంది.

డబ్బు పంపకం నేను ఎవరికి చెప్పినా ఇలాగే చెబుతాను: సగం రెండు ఫ్లాష్‌లకి, మిగతా సగం సాఫ్ట్‌బాక్స్, లైటుకి బిగించే గొడుగు, గట్టి స్టాండ్లు, ట్రిగ్గర్లకి (కెమెరా నొక్కగానే ఫ్లాష్‌ని వెలిగించే రిమోట్లు). మెత్తని వెలుగుకి కారణం లైటు ఖరీదు కాదు, మనిషి ముందున్న తెల్ల గుడ్డ వైశాల్యం. 120 సెంటీమీటర్ల ఆక్టా (ఎనిమిది పలకల సాఫ్ట్‌బాక్స్) ఒకటి, ఫ్యామిలీ గ్రూపులకి పెద్ద తెల్ల గొడుగు ఒకటి. టీటీఎల్ (ఫ్లాష్ పవర్‌ని కెమెరాయే లెక్కేసుకోవడం), హైస్పీడ్ సింక్ (బాగా వేగమైన షట్టర్‌తోనూ ఫ్లాష్ పనిచెయ్యడం) అని అమ్మేవాటికి స్టూడియోలో పైసా ఎక్కువ ఇవ్వకండి. నాలుగు గోడల మధ్య మాన్యువల్ చాలు.

సాఫ్ట్‌బాక్స్‌ని లైటుకి బిగించే మౌంటు మాత్రం బోవెన్స్ రకమే ఉండాలి. బోవెన్స్ కంపెనీ 2017లోనే మూతపడింది. అయినా గోడాక్స్, డిజిటెక్, సింపెక్స్ లాంటివాళ్ల లైట్లలో చాలావాటికి ఆ మౌంటే ఉంటుంది కాబట్టి ఒకరి సాఫ్ట్‌బాక్స్ ఇంకొకరి లైటుకి పడుతుంది. సొంత మౌంటు పెట్టిన లైటు కొంటే ఆ తరవాత ప్రతి సామానుకీ ఆ కంపెనీ చెప్పిన ధరే.

4. డబ్బు కట్టేముందు పరీక్ష

అందరూ చెడగొట్టేది ఇక్కడే. కొట్లో లైటు వెలిగించి, కంటికి తెల్లగా కనిపిస్తే ప్యాక్ చేయించేస్తారు. మీ కళ్లు, మీ కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగుల్ని తనే సర్దే ఏర్పాటు), రెండూ మిమ్మల్ని మోసం చేస్తాయి. లైటులో ఆకుపచ్చ ఛాయ ఉంటే ఆటో దాన్ని చాలావరకు సర్దేసి అంతా బాగుందని చూపిస్తుంది. లోపం ఇంటికొచ్చాక, రెండో లైటు పక్కన పెట్టాక బయటపడుతుంది.

కాబట్టి మీ కెమెరా తీసుకెళ్లండి. వైట్ బ్యాలెన్స్ 5600 కెల్విన్ (పగటి వెలుగు రంగు) దగ్గర మీరే పెట్టండి, ఫైలు రా ఫార్మాట్‌లో (కెమెరా సర్దుబాట్లు చెయ్యని ముడి ఫైలు) ఉంచండి. జేబులో ఒక గ్రే కార్డు (ఏ ఛాయా లేని బూడిదరంగు అట్ట), నాలుగు ఎండుమిరపకాయలు, జరీ అంచున్న ముదురు ఎరుపు పట్టుగుడ్డ ముక్క వేసుకోండి. ఎండుమిర్చి అంటే నవ్వకండి. లైటు కింద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పడానికి డబ్బా మీద రాసే సీఆర్ఐ అంకె ఎనిమిది లేత రంగుల సగటు. ముదురు ఎరుపుని చూపించే ఆర్9 ఆ సగటులోకి రాదు. అందుకే సీఆర్ఐ 90 పైన అని రాసుకున్న ఎల్ఈడీ కింద కూడా ఎరుపు చచ్చిపోవచ్చు. అలాంటి లైటు కింద గుంటూరు మిర్చి గోధుమ రంగులోకి తిరుగుతుంది, కుంకుమ మట్టిరంగు అవుతుంది, పెళ్లికూతురి చీర పాతబడినట్టు కనిపిస్తుంది. గ్రే కార్డు బదులు తెల్ల కాగితం వాడకండి. జిరాక్స్ కాగితంలో తెలుపు పెంచే రసాయనం ఉంటుంది, ఫ్లాష్ కింద అది నీలంగా వస్తుంది.

ముందు లైటు ఆపి, ఫ్లాష్‌కి వాడబోయే సెట్టింగుతోనే ఒక ఫోటో తియ్యండి. 1/125, ఎఫ్/8, ఐఎస్ఓ 100 దగ్గర ఫోటో దాదాపు నల్లగా రావాలి. నల్లగా వస్తే కొట్లోని ట్యూబులైట్లు పరీక్షలో వేలు పెట్టడం లేదని అర్థం. మీరు కొనబోయేది ఎల్ఈడీ అయితే ఈ మార్గం పనికిరాదు. కొట్టువాణ్ణి బతిమాలి ట్యూబులైట్లు ఆర్పించాల్సిందే. ఆర్పనంటే ఆ కొట్లో ఎల్ఈడీ కొనకండి.

ఇప్పుడు లైటు వేసి గ్రే కార్డు, మిరపకాయలు, పట్టుగుడ్డ, మీ అరచెయ్యి ఒకే ఫ్రేములో పెట్టి తియ్యండి. ఫుల్ పవర్‌లో ఒకటి, నాలుగో వంతులో ఒకటి, పదహారో వంతులో ఒకటి. వెలుగు తగ్గేకొద్దీ అపెర్చర్ తెరుచుకుంటూ రండి, వైట్ బ్యాలెన్స్ మాత్రం ముట్టుకోవద్దు. మూడూ పక్కపక్కన చూడండి. చవక ఫ్లాష్‌లు పవర్ తగ్గించినప్పుడు రంగు మారతాయి, కొన్ని పసుపుకి, కొన్ని నీలానికి. గ్రే కార్డు మీద కాస్త తేడా ఫరవాలేదు. అరచేతిలోనే తేడా కనిపిస్తే వద్దని చెప్పండి.

రెండో లైటు కూడా పెట్టె విప్పించి ఇదే చేయించండి. ఇక్కడ మొహమాటపడితే తరవాత ఏడవాలి. ఉన్న ఒక్క లైటూ ఆకుపచ్చగా ఉంటే కంప్యూటర్లో ఒక్క క్లిక్కుతో సరిచెయ్యొచ్చు. కుడి చెంప మీద ఒక రంగు, ఎడమ చెంప మీద ఇంకో రంగు పడితే ఏ క్లిక్కూ లేదు, ప్రతి ఫోటోకీ మాస్కు (ఆ చెంపని విడిగా సరిచెయ్యడానికి గీసే హద్దు) గియ్యాల్సిందే. రెండొందల ఫోటోల ఆల్బమ్‌కి అలా గీస్తూ కూర్చునే రాత్రులు కూడా లైటు ఖరీదులో కలిపితే ఆ చవక బేరం ఎంతకి తేలుతుందో మీరే లెక్కేసుకోండి.

తరవాత నిలకడ. సగం పవర్‌లో పెట్టి వరసగా పది ఫోటోలు తియ్యండి. ప్రతిసారీ ఛార్జ్ అయిందన్న బీప్ విన్నాకే నొక్కాలి. తొందరపడి నొక్కితే ఫోటో చీకటిగా రావడం మీ తప్పు, లైటుది కాదు. బీప్ విన్నాక కూడా పదింటిలో ఒకటి చీకటిగా వస్తే ఆ ముక్క మార్పించండి. ఎల్ఈడీకైతే ఇంకో పరీక్ష ఉంది. మసకబార్చే నాబ్ పది శాతం దగ్గరికి తిప్పి, 1/1000 వేగంతో తియ్యండి, కెమెరాలో ఎలక్ట్రానిక్ షట్టర్ ఉంటే దానితోనూ తియ్యండి. అడ్డంగా చారలు కనిపిస్తే ఆ లైటు వీడియోలోనూ మినుకుతుంది.

ఇదంతా చెయ్యడానికి అరగంట పడుతుంది. కొట్టువాడు విసుక్కుంటాడు, టీ తెప్పించి తొందరపెడతాడు. టీ తాగండి, పరీక్ష ఆపకండి. ఆన్‌లైన్‌లో కొంటే డబ్బా వచ్చిన రోజే ఇదే వరసలో చేసి, రిటర్న్ గడువు లోపల నిర్ణయించుకోండి. రేటు కొంచెం ఎక్కువైనా నేను మనిషి ఎదురుగా ఉన్న కొట్లోనే కొంటాను. ఫ్లాష్ ట్యూబు పోయినప్పుడు తిట్టడానికి ఎవరో ఒకరు ఉండాలి.

5. తెచ్చాక

లైట్లకి ఏసీతో సంబంధం లేని వేరే లైను, ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్టు వేయించండి. స్టాండు కాళ్ల మీద ఇసుక సంచీ వెయ్యండి, పాత జీన్సు కాలు కుట్టించినా చాలు. షట్టర్ వేగం 1/125 దగ్గర ఉంచండి. చాలా కెమెరాలకి 1/200 లేదా 1/250 దాటితే ఫోటోలో నల్ల పట్టీ వస్తుంది, అప్పుడు ట్రిగ్గరు పాడైందని రిపేరుకి మోసుకెళ్లకండి.

ఆషాఢంలో, మూఢంలో పని లేదని ఫ్లాష్‌లు డబ్బాలో పెట్టి మరిచిపోకండి. నెలకోసారి తీసి, తక్కువ పవర్‌లో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ ఇరవై ముప్పై సార్లు వెలిగించండి. ఫ్లాష్ లోపల కరెంటు నిలవచేసే కెపాసిటర్లు నెలల తరబడి ఊరికే ఉంటే బలహీనపడతాయి. ముహూర్తాలు మొదలైన రోజున ఒక్కసారిగా ఫుల్ పవర్‌లో పెడితే పోయేది అవే.