పాలపుంత ఫోటోలకి వైడ్ లెన్స్ కొనేముందు ఇవి చూసుకోండి

వేసవిలో అమావాస్య దగ్గర పడుతోందంటే చాలు, తెలిసినవాళ్ళు ఫోన్ చేసి అడిగేది ఒకటే. గండికోట వెళ్తున్నాం, పాలపుంత తీయాలి, ఏ లెన్స్ కొనమంటారు అని. లెన్స్ ఎంత వైడ్ అయితే, అంటే ఎం.ఎం. తగ్గి ఎంత ఎక్కువ ఆకాశం పడితే, అంత మంచిదని చాలామంది అప్పటికే అనుకుని ఉంటారు. మొదట్లో నేనూ అదే లెక్కన 14 ఎం.ఎం. కొన్నాను. ఇప్పుడు ఎవరు అడిగినా ముందు అపెర్చర్, అంటే లెన్స్‌లోకి వెలుతురు వచ్చే కన్నం, ఎన్ని మిల్లీమీటర్లో లెక్కేసుకోమంటాను, వైడ్ సంగతి ఆ తర్వాత.

లెక్క సులువే. లెన్స్ మీద ఉండే ఎం.ఎం. సంఖ్యని, అంటే ఫోకల్ లెంగ్త్‌ని, దాని ఎఫ్ నంబర్‌తో భాగించండి. 14 ఎం.ఎం. ఎఫ్ 2.8 లెన్స్‌కి కన్నం 5 మిల్లీమీటర్లు, 20 ఎం.ఎం. ఎఫ్ 1.8కి 11. వెడల్పు రెండింతలు దాటింది కాబట్టి వైశాల్యం దాదాపు ఐదింతలు, అంటే ఒక్కో నక్షత్రం నుంచి ప్రతి సెకనూ లోపలికొచ్చే వెలుతురు కూడా ఐదింతలన్నమాట. కాకపోతే భూమి తిరుగుతూ ఉంటుంది కదా, షటర్ ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలవుతాయి, ఫోకల్ లెంగ్త్ పెరిగేకొద్దీ ఆ గీతలు ఇంకా త్వరగా కనబడతాయి. దీనికి అందరూ వాడే 500 లెక్క ఉంది: 500ని ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎన్ని సెకన్లు తెరవచ్చో వస్తుంది, 14కి 35 సెకన్లు, 20కి 25. క్రాప్ సెన్సర్ (పాత ఫిల్ము సైజున్న ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) అయితే వచ్చినదాన్ని మళ్ళీ 1.5తో భాగించాలి, కెనాన్ అయితే 1.6తో. మెగాపిక్సెల్స్ ఎక్కువున్న ఇప్పటి కెమెరాల్లో జూమ్ చేసి చూస్తే ఆ టైముకి కూడా చుక్క సాగినట్టు కనిపిస్తుంది, అందుకే నేను 500 బదులు 300 పెట్టుకుంటాను. సరే, టైము తగ్గిన నష్టం తీసేసినా 20 ఎం.ఎం. లెన్స్‌కి మూడున్నర రెట్లు వెలుతురు ఎక్కువే దక్కుతుంది. ఫోటోలో నాయిస్, అంటే గరుకుగా కనిపించే మచ్చలు, తగ్గేది అక్కడే.

మరి 20తో ఆకాశం సరిపోతుందా? సరిపోతుంది. పాలపుంత నడిబొడ్డు ఉండేది ధనుస్సు, వృశ్చిక రాశుల వైపు. గండికోట నుంచి చూస్తే అది దక్షిణాన ఎంత పైకొచ్చినా 46 డిగ్రీలు దాటదు. ఫుల్ ఫ్రేమ్ మీద 20 ఎం.ఎం. అడ్డంగా పట్టుకుంటే నిలువున 62 డిగ్రీలు పడుతుంది, నిలువుగా తిప్పితే 84. కింద కోట గోడా వస్తుంది, పైన పాలపుంతా వస్తుంది. ఈ చివర నుంచి ఆ చివరకి వంతెనలా మొత్తం కావాలంటే నిలువుగా వరసగా ఫ్రేములు తీసి కలుపుకోవచ్చు, నాలుగైదు సరిపోకపోతే ఇంకో రెండు తీయండి.

పిండి కొద్దీ రొట్టె. చేతిలో 18-55 కిట్ లెన్స్ మాత్రమే ఉంటే మొదటి రాత్రికి కొత్తది కొనొద్దు. 18 దగ్గర ఎఫ్ 3.5, 15 సెకన్లు, ఐ.ఎస్.ఓ. (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 3200 పెట్టి తీయండి, పాలపుంత కచ్చితంగా కనిపిస్తుంది. దాని కన్నం కూడా 5 మిల్లీమీటర్లే, 14 ఎఫ్ 2.8తో సమానం. ఆ తర్వాత క్రాప్ మిర్రర్‌లెస్ వాళ్ళు సిగ్మా 16 ఎఫ్ 1.4 గానీ సామ్యాంగ్ 12 ఎఫ్ 2 గానీ చూడండి. క్రాప్ డి.ఎస్.ఎల్.ఆర్. వాళ్ళకి టోకినా 11-16 ఎఫ్ 2.8 ఎప్పటినుంచో ఉన్న దారి. ఫుల్ ఫ్రేమ్‌లో సోనీకీ నికాన్ జెడ్‌కీ వాళ్ళ సొంత 20 ఎఫ్ 1.8లు ఉన్నాయి, నన్నడిగితే డబ్బులు పెట్టాల్సింది వాటి మీదే. ఆటోఫోకస్ లేని సామ్యాంగ్ 14 ఎఫ్ 2.8 వాటికంటే బాగా చవక, చుక్కలకి ఆటోఫోకస్ చాలా కెమెరాల్లో ఎలాగూ సరిగ్గా పనిచేయదు కాబట్టి ఆ లోటు లోటే కాదు. దాని ముందు అద్దం మాత్రం గుడ్డులా ఉబ్బి ఉంటుంది, మామూలు ఫిల్టర్ బిగించలేరు.

నంబర్లు చూసి కొన్నాక అసలు పరీక్ష మూలల్లో ఉంటుంది. ఫోటోని వంద శాతం జూమ్ చేసి మూలకి వెళ్ళండి. మధ్యలో సూదిమొనలా ఉన్న చుక్క అక్కడ రెక్కలు విప్పిన తూనీగలా కనిపిస్తే దాన్ని కోమా అంటారు. అపెర్చర్ ఒక స్టాప్ (వెలుతురు సగమయ్యేంత) మూస్తే చాలావరకు తగ్గుతుంది, కానీ ఎఫ్ 1.4కి డబ్బు పెట్టి ఎఫ్ 2.8లో వాడాల్సి వస్తే ఆ డబ్బు వృథా అయినట్టే. మూలలు నల్లబడటం గురించి అంత బెంగ అక్కర్లేదు, ఎడిటింగ్‌లో సరిచేసుకోవచ్చు. సాగిపోయిన చుక్కని మాత్రం మామూలు ఎడిటింగ్‌లో శుభ్రంగా గుండ్రం చేయడం కష్టం.

నాలుగు మూలలూ విడివిడిగా చూడటం తప్పనిసరి. ఒకసారి సెకండ్ హ్యాండ్‌లో ఒక వైడ్ లెన్స్ తీసుకున్నాను, ఎడమవైపు చుక్కలు ముత్యాల్లా ఉన్నాయి, కుడివైపు మాత్రం అన్నీ తోకలతో ఉన్నాయి. లోపల ఒక అద్దం పక్కకి జరిగి ఉంది. అమ్మినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. అప్పటినుంచీ పాతదైనా కొత్తదైనా, వెనక్కిచ్చే గడువులోపే మేడ మీద ట్రైపాడ్ పెట్టి, అపెర్చర్ పూర్తిగా తెరిచి, ఒకే ప్రకాశవంతమైన నక్షత్రాన్ని నాలుగు మూలలకీ తెచ్చి నాలుగు ఫోటోలు తీస్తాను. ఊళ్ళో లైట్లున్నా ఈ పరీక్షకి అడ్డం కాదు.

ఫోకస్ రింగ్ మీద అనంతం గుర్తుని నమ్మకండి. గండికోటలో నా మొదటి రాత్రి ఆ గుర్తు దగ్గరే పెట్టి తెల్లవారేదాకా తీసినవన్నీ మసకగా వచ్చాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, జ్యేష్ఠ లాంటి పెద్ద నక్షత్రాన్ని పది రెట్లు పెద్దది చేసుకోండి, రింగ్‌ని వెంట్రుకవాసి చొప్పున అటూ ఇటూ తిప్పండి, చుక్క బాగా చిన్నదై చుట్టూ ఊదా రంగు అంచు పోయినచోట ఆపి టేపు వేసేయండి. మే నెల మధ్యలో పాలపుంత నడిబొడ్డు దక్షిణాన నిలబడేది రాత్రి రెండు దాటాకే, కాబట్టి ఈ పని పన్నెండుకల్లా పూర్తిచేసుకుని, గంటకోసారి మళ్ళీ జూమ్ చేసి చూసుకోండి.