పాత కంప్యూటర్‌ను తూకానికి వేసే ముందు ఇలా బాగుచేసి చూడండి

2012, 2013 ప్రాంతంలో కొన్న డెస్క్‌టాప్‌లు చాలా ఇళ్లలో ఇంచుమించు ఒకేలా ఉంటాయి: మూడో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. ఇప్పుడు ఆన్ చేస్తే తెర మీద బొమ్మ వచ్చేసరికే ఓపిక నశిస్తుంది. బ్రౌజర్ తెరిస్తే మొరాయిస్తుంది. అయినా తొందరపడి కొత్తది కొనకండి. అందులో మనల్ని సతాయించేది చాలావరకు హార్డ్‌డిస్కే. దాన్ని మారిస్తే పిల్లల చదువుకు, టైపింగ్‌కు, వీడియోలకు ఆ సిస్టమ్ ఇంకా బాగానే పనికొస్తుంది.

1. ముందు ఫొటోలు కాపీ చేసుకోండి

స్క్రూడ్రైవర్ ముట్టుకునే ముందే ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు ఇంకో డిస్క్‌లోకి తీసుకోండి. తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో హార్డ్‌డిస్క్ ఆరోగ్యం చూడండి. ‘గుడ్’ అని ఉంటే సరే. ‘కాషన్’ అనో ‘బ్యాడ్’ అనో ఉంటే ఆ డిస్క్‌ను నమ్మొద్దు. లోపల టకటకమని శబ్దం వస్తుంటే మాటిమాటికీ ఆన్ చేసి చూడకండి, ఉన్నది కూడా పోతుంది.

2. విప్పి శుభ్రం చేయండి

ప్లగ్ పూర్తిగా తీసేసి, పవర్ బటన్‌ను ఒకసారి నొక్కి వదిలితే మిగిలిన కరెంటు కాస్తా పోతుంది. క్యాబినెట్ వెనక రెండు స్క్రూలు విప్పితే పక్క రేకు వచ్చేస్తుంది. కొత్త పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులపండి. బ్లోయర్ వాడితే ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి.

అసలు దుమ్ము పైకి కనిపించదు. ప్రాసెసర్ మీది ఫ్యాన్‌కూ, దాని కింది అల్యూమినియం రేకులకూ మధ్య మందంగా పేరుకుపోయి ఉంటుంది. గాలి ఆడక ప్రాసెసర్ వేడెక్కి, తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. నాలుగు మూలల్లోని పిన్నులను వాటిమీది బాణం దిక్కుగా తిప్పి పైకి లాగితే ఫ్యాన్ ఊడి వస్తుంది. ప్రాసెసర్ వేడిని ఆ రేకులకు చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. ఆ పాతదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్రాసెసర్ మీద బఠాణీ గింజకన్నా కాస్త చిన్న చుక్క కొత్తది పెట్టండి. తిరిగి బిగించేటప్పుడు పిన్నులను మళ్లీ వెనక్కి తిప్పి, ఎదురెదురు మూలలను నొక్కుతూ రండి. నాలుగూ టక్కుమనాలి.

ఆన్ చేస్తే బీప్‌లు వస్తూ తెర నల్లగా ఉంటే ర్యామ్ తీసి, బంగారు రంగు అంచును రబ్బరుతో మెల్లగా రుద్ది పెట్టి చూడండి. తేదీ ప్రతిసారీ వెనక్కి పోతుంటే సీఆర్2032 బటన్ బ్యాటరీ మార్చాలి. కరెంటు సరఫరా చేసే పెట్టె ఎస్ఎంపీఎస్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిల్వ ఉండొచ్చు.

3. ఎస్ఎస్‌డీ పెట్టండి

ఎస్ఎస్‌డీ అంటే హార్డ్‌డిస్క్‌కు బదులు పెట్టుకునే, చిప్‌లతో పనిచేసే డిస్క్. సాటా అనే కేబుల్‌తో బోర్డుకు కలిపే 2.5 అంగుళాల రకం, 240 లేదా 256 జీబీది చాలు. చవగ్గా ఉందని, బోర్డు మీదే గుచ్చే ఎం.2 రకం తెచ్చుకోవద్దు, హెచ్61 బోర్డుల్లో దానికి స్లాట్ ఉండదు. ఈ బోర్డులో ఉన్నవి సాటా2 పోర్టులు కాబట్టి పెట్టె మీద రాసిన సెకనుకు 550 ఎంబీ వేగం రాదు, సుమారు సగమే వస్తుంది. దాని గురించి టెన్షన్ పడొద్దు. హార్డ్‌డిస్క్‌లో ప్రతి చిన్న ఫైలు కోసం లోపలి ముల్లు కదిలి వెతకాలి, ఆలస్యమంతా అక్కడే. ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే లేదు.

సాటా కేబుల్ విడిగా కొనాల్సి రావచ్చు, షాపులోనే అడగండి. బయోస్ (విండోస్ మొదలవకముందే తెరుచుకునే బోర్డు సెట్టింగ్‌ల తెర)లోకి వెళ్లి సాటా మోడ్ ‘ఏహెచ్‌సీఐ’ అని ఉందో లేదో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించకముందే చూసుకోండి. ఎక్కించేటప్పుడు పాత హార్డ్‌డిస్క్ కేబుల్ పీకేయండి. అప్పుడు పొరపాటున దాన్ని ఫార్మాట్ చేసే భయం ఉండదు.

4. ర్యామ్ 8 జీబీ చేయండి

ఈ బోర్డులకు డీడీఆర్3 ర్యామే పడుతుంది. డీడీఆర్4 గాటు వేరేచోట ఉంటుంది, బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది. సెకండ్‌హ్యాండ్‌ది తీసుకోవడంలో తప్పులేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోటికి వెళ్లేటప్పుడు మీ పాత ర్యామ్ ముక్క వెంట తీసుకెళ్లండి. 32 బిట్ విండోస్ 4 జీబీకి మించి వాడుకోలేదు, కాబట్టి 64 బిట్‌దే ఎక్కించాలి.

5. ఏ ఆపరేటింగ్ సిస్టమ్?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్, అంటే లోపాలు సరిచేసే అప్‌డేట్లు ఇవ్వడం, 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి పైవి కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. అడ్డదారిలో ఎక్కించే పద్ధతులున్నా, బ్యాంకు పనులు చేసే సిస్టమ్‌లో నేనైతే అలా చేయను. విండోస్‌కు బదులు వాడుకునే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉచితం. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడొచ్చు. తెలుగు కీబోర్డు ఉంది, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ దాంతోపాటే వస్తాయి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పనిచేసే డీటీపీ వాళ్లకు మాత్రం విండోస్ తప్పదు. ఆ సిస్టమ్‌ను ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచి వాడుకోవడం మేలు.

మదర్‌బోర్డు మీద చిన్న డబ్బాల్లా ఉండే కెపాసిటర్ల తలలు ఉబ్బినా, ద్రవం కారినా ఇవేవీ కొనకుండా ముందు రిపేరు చేసేవాళ్లకు చూపించండి. బోర్డే పోయిందంటే దాని మీద ఇక డబ్బు పెట్టొద్దు. అప్పటికే ఎస్ఎస్‌డీ కొని ఉంటే, సాటా పోర్టు ఉన్న తర్వాతి సిస్టమ్‌లో దాన్ని వాడుకోవచ్చు.