ఈపాస్ స్కాలర్‌షిప్ దరఖాస్తు: 3వ పాఠం – పేరు, ఖాతా

ఈపాస్ అంటే విద్యార్థులు స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసే తెలంగాణ ప్రభుత్వ సైటు. దీనికి ఉండే ఆదాయ పరిమితి గత పాఠంలోనే అయిపోయింది. అయినా మళ్లీ అడుగుతున్నవాళ్ల కోసం ఒక్క ముక్క. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఏడాదికి 2 లక్షలు. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనకబడినవాళ్లు), మైనారిటీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. మీసేవలో ఇన్‌కమ్ సర్టిఫికెట్ కొత్తది తీసి ఉంచుకోండి.

ఈపాస్‌లో ఫ్రెష్, అంటే మొదటిసారి చేసే దరఖాస్తు తెరిస్తే పదో తరగతి హాల్ టికెట్ నంబరు, పాసైన సంవత్సరం, పుట్టిన తేదీ అడుగుతుంది. మీ పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే తీసుకుంటుంది. అందుకే దరఖాస్తు జోలికి వెళ్లకముందే మెమో, ఆధార్, పాస్‌బుక్ పక్కపక్కన పెట్టి ఇంగ్లిష్ స్పెల్లింగు అక్షరం అక్షరం పోల్చండి. మెమోలో 'కె సాయికుమార్', ఆధార్‌లో 'కొత్తపల్లి సాయి కుమార్' అని ఉంటే, ఇద్దరూ ఒకరేనని ఊరంతటికీ తెలుసు, కంప్యూటరుకు తెలీదు. మెమో దిద్దించాలంటే బోర్డు చుట్టూ తిరగాలి, కాబట్టి ఆధార్‌నే మెమోకు తగ్గట్టు మార్పించుకోండి. కానీ ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చనిస్తారు. నోటితో చెప్పకుండా స్పెల్లింగు కాగితం మీద రాసివ్వండి. ఆపరేటరు కొట్టాక రసీదు మీద మళ్లీ చదివాకే కౌంటరు దగ్గర్నుంచి కదలండి.

ఇక బ్యాంకు ఖాతా. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. 'మా ఖాతాకి ఆధార్ లింక్ ఉంది సార్' అంటారు. కేవైసీకి, అంటే మీరెవరో బ్యాంకుకు రుజువు చూపడానికి, ఆధార్ ఇవ్వడం వేరు, ప్రభుత్వ డబ్బు పడేలా ఆ ఖాతాకు ఆధార్ సీడింగ్ చేయించడం వేరు. మీకు నాలుగు ఖాతాలున్నా సీడింగ్ ఉండేది ఒక్కదానికే. చివరిసారి దేనికి చేయించారో డబ్బు దానికే పోతుంది. మైఆధార్ సైటులో ఓటీపీతో లాగిన్ అయితే 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' దగ్గర బ్యాంకు పేరు, యాక్టివ్‌గా ఉందో లేదో కనిపిస్తుంది. లేదంటే బ్యాంకు బ్రాంచికి వెళ్లి సీడింగ్ ఫారం ఇవ్వండి.

చిన్నప్పుడు అమ్మతో కలిసి తెరిచిన పాత ఖాతా వాడదామనుకుంటే జాగ్రత్త. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రలోకి జారుకున్నట్టే. పాస్‌బుక్ మీద ఆంధ్రా బ్యాంకు అని ఉంటే అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) తెలంగాణ బ్రాంచీలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకు కిందకు వచ్చాయి. పాత పాస్‌బుక్ చూసి ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ (బ్రాంచిని గుర్తించే కోడ్) ఎక్కించకండి, కొత్తది అడిగి రాసుకోండి.

నెట్ సెంటరులో నింపిస్తుంటే ఇంకో సంగతి: తొందరలో అక్కడి కుర్రాడు తన ఫోన్ నంబరే కొట్టేస్తాడు. ఆ తర్వాత మెసేజీలన్నీ అతనికే. మీ నంబరే ఇవ్వండి.

ఎంటీఎఫ్, అంటే మెస్ ఖర్చుల డబ్బు, మీ ఖాతాలోకి వస్తుంది. ఆర్‌టీఎఫ్, అంటే ఫీజు, కాలేజీకి పోతుంది. అది ఎప్పుడొస్తుందన్నది మన చేతిలో లేదు. 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు ప్రభుత్వం నుంచి రావాల్సిన ఫీజు బకాయిల కోసం బంద్ కూడా చేశాయి. దరఖాస్తులో తప్పు లేకుండా చూసుకోవడం వరకే మన పని.

ఈ వారం అభ్యాసం: ఒక తెల్లకాగితం మీద మూడు గళ్లు గీసి మెమో, ఆధార్, బ్యాంకుల్లో మీ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో అలాగే ఎక్కించండి. తేడా ఉన్నచోట ఎర్ర ఇంకుతో చుట్టండి. ఎరుపు ఉంటే వచ్చే పాఠం దాకా ఆగకుండా రేపే ఆధార్ కేంద్రానికి వెళ్లండి. లేనివాళ్లతో 4వ పాఠంలో దరఖాస్తు పేజీ తెరిపిస్తాను.