పాత పంచెతో పసిబిడ్డకు లంగోటీలు, జొల్లుగుడ్డలు

పసిబిడ్డ గుడ్డలకు ముందు చూడాల్సింది బట్ట. కుట్టు కాస్త వంకరపోయినా బిడ్డకు ఇబ్బంది లేదు. నీళ్లు పీల్చని బట్ట అయితే మాత్రం ఎంత చక్కగా కుట్టినా వృథా. ఉతికి ఉతికి మెత్తబడిన నాలుగు మూరల నూలు పంచె ఒకటి, పాత తువ్వాలు ఒకటి ఉంటే నాలుగు లంగోటీలు, ఐదు జొల్లుగుడ్డలు వస్తాయి.

పంచెను వెలుతురుకు పట్టి చూడండి. జల్లెడలా కనిపించే చోట్లు వదిలేయండి, రెండు ఉతుకులకే అక్కడ చిరుగుతుంది. గంజి పెట్టిన పంచెను రాత్రంతా నానబెట్టి రెండుసార్లు జాడించి ఆరేయండి. ఆరాక ఒక నీటిచుక్క వేయండి. వెంటనే ఇంకితే బట్ట పనికొస్తుంది. చుక్క పైనే నిలబడితే గంజి ఇంకా పోలేదు, మళ్లీ ఉతకాలి. తువ్వాలు కొత్తది కొంటే (ఎమ్మిగనూరు మగ్గాల నూలు తువ్వాళ్లు దీనికి బాగుంటాయి) కోసేముందే ఒకసారి వేడినీళ్లలో ఉతకండి. అలా చేయకపోతే కుట్టాక లోపలి తువ్వాలు కుంచించుకుపోయి, పైబట్ట ముడతలు పడుతుంది. ధర్మవరం పట్టు ముక్కలు ఎంత అందంగా ఉన్నా వద్దు, జరీ లేత చర్మాన్ని గీరుతుంది. రాయదుర్గం వైపు సులువుగా దొరికే జీన్స్ ముక్కలూ వద్దు. మందంగా ఉంటాయి, రంగు దిగుతుంది.

ఇంటిపని, బయటిపని మధ్య కుట్టేవాళ్లు ఒక పద్ధతి పాటిస్తే పని తేలిక. కోతంతా ఒకే పూట ముగించి, ముక్కలను జతలుగా ఒక సంచిలో పెట్టేయాలి. బిడ్డ నిద్రపోయిన ఇరవై నిమిషాల్లో కొలతలు తీస్తూ కూర్చుంటే ఏదీ పూర్తి కాదు. ముక్కలు సిద్ధంగా ఉంటే ఆ కాసేపట్లోనే ఒక లంగోటీ అయిపోతుంది.

పంచె పొడవు 72 అంగుళాలు, పన్నా 48 అంగుళాలు అనుకుందాం. జరీ అంచు ఉంటే ముందు తీసేసి, ఆ తర్వాత మిగిలే కొలత ఇది. పొడవులో 48 అంగుళాల వరకు నాలుగు చదరాలు చేయండి, ఒక్కొక్కటి 24 అంగుళాలు. కత్తెరతో అంచున గాటు పెట్టి చింపితే నూలుపోగు వెంట నేరుగా వస్తుంది, గీత గీయక్కర్లేదు. మిగిలిన 24 × 48 ముక్కలో 9 × 12 అంగుళాల ముక్కలు పది వస్తాయి. అవి ఐదు జొల్లుగుడ్డలకు ముందూ వెనకా. తువ్వాలులో కూడా 9 × 12 ముక్కలు ఐదు కోయండి.

లంగోటీకి చేయాల్సిందల్లా అంచులు పావు అంగుళం చొప్పున రెండుసార్లు మడిచి కుట్టడమే. త్రికోణంగా మడిచి, కొసలు ముందుకు తెచ్చి ముడి వేయాలి. పిన్నీసు వాడొద్దు. పీల్చడానికి తువ్వాలులో మిగిలింది 12 అంగుళాల చదరంగా కోసి, మూడు మడతలు వేసి లోపల పెట్టండి. ఆ మడతలను కుట్టేయకండి. కుట్టిన మడత లోపల తడి ఆరదు, వాసన వస్తుంది. విప్పి ఆరేస్తే మన ఎండకు ఇట్టే ఆరుతుంది.

జొల్లుగుడ్డలో అందరూ పొరబడేది మెడ దగ్గర. 9 × 12 నమూనా కాగితం మీద, పై అంచుకు ఒకటిన్నర అంగుళం కింద, మూడుంపావు అంగుళాల వెడల్పు గుండ్రం గీయండి. చిన్నగా అనిపిస్తుంది, కానీ చుట్టూ పావు అంగుళం కుట్టులో పోయేసరికి రంధ్రం అర అంగుళం పెరుగుతుంది. మొదటే నాలుగు అంగుళాలు కోస్తే మెడ దగ్గర జారిపోయి జొల్లంతా చొక్కాలోకే దిగుతుంది. ఈ కొలత నాలుగు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు సుమారుగా సరిపోతుంది. కోసేముందు బిడ్డ మెడను దారంతో కొలిచి చూసుకోండి. పట్టీ మూసినప్పుడు లోపల రెండు వేళ్లు దూరాలి. గుండ్రం పైన మధ్యలో నిలువుగా చీల్చితే పట్టీ కొసలు రెండు వస్తాయి. భుజాల దగ్గర మూలలు గుండ్రంగా తీసేయండి.

కింద తువ్వాలు, దాని మీద రెండు పంచె ముక్కలు మంచివైపులు ఒకదానికొకటి ఎదురుగా పరచండి. చుట్టూ పావు అంగుళంలో కుట్టి, పక్కన రెండున్నర అంగుళాలు వదలండి. మూడు పొరలకు మిషన్‌కు 14 నంబరు సూది వేయండి, సన్న సూది విరుగుతుంది. వంపుల దగ్గర ప్రతి అర అంగుళానికి కుట్టు తెగకుండా చిన్న గాట్లు పెట్టాలి. ఇది వదిలేస్తే తిప్పాక మెడ గుండ్రంగా రాదు, ముడుచుకుంటుంది. తువ్వాలు అంచును కుట్టు దగ్గరికి కత్తిరించి, వదిలిన సందులోంచి తిప్పి, ఇస్త్రీ చేసి, చుట్టూ పైకుట్టు వేస్తే సందు కూడా మూసుకుంటుంది.

మూయడానికి ముప్పావు అంగుళం వెల్క్రో చాలు. గరుకు ముక్క కింది పట్టీ మీద, బయటికి చూసేలా ఉండాలి. పైపట్టీ లోపల పెడితే కాస్త పక్కకు జరగ్గానే మెడ గీరుకుంటుంది. వెల్క్రో మూలలు గుండ్రంగా కత్తిరించండి. పూసలు, గుండీలు కుట్టొద్దు, ఊడితే నోట్లోకే వెళ్తాయి. మెడకు కట్టే తాళ్లూ వద్దు, లాగితే వెల్క్రో ఊడొస్తుంది, ముడి ఊడదు. అయినా సరే, బిడ్డను నిద్రపుచ్చేముందు జొల్లుగుడ్డ తీసేయాల్సిందే. గుండుసూదులు ఎన్ని గుచ్చారో అన్నీ తీశారా అని లెక్క చూసుకున్నాకే బిడ్డకు వేయండి. ఆ భయం లేకుండా బట్టల క్లిప్పులు వాడితే ఇంకా మేలు.

ఆవాల దిండు కూడా కుట్టాలని పెద్దవాళ్లు అడుగుతారు. ఏడాదిలోపు బిడ్డ పడుకునే చోట ఏ దిండూ ఉండకూడదు, ఊపిరి ఆడదు. పైగా కుట్టు విడితే ఆవాలు నోట్లోకి, ముక్కులోకి పోతాయి. కుళ్లాయి చలికాలంలో బయటికి తీసుకెళ్లేటప్పుడు చాలు. కర్నూలు, అనంతపురం ఎండల్లో ఇంట్లో తలకు కుళ్లాయి పెడితే ఒంటి వేడి బయటికి పోక బిడ్డ విలవిల్లాడుతుంది.

బోరు ఉప్పునీళ్లలో సబ్బు తెట్టుకట్టి పోగుల్లో పేరుకుంటుంది, గుడ్డలు అట్టలా బిగుస్తాయి. సబ్బు తగ్గించి, ఒక జాడింపు పెంచి, పిండాక గట్టిగా దులిపి ఆరేయండి. వెల్క్రో మూసి ఉతికితే దారాలు పట్టవు. నెలకోసారి నీటిచుక్క పరీక్ష చేసి, చుక్క ఇంకకపోతే ఆ గుడ్డలను సబ్బు లేకుండా వేడినీళ్లలో నానబెట్టి జాడించండి.